చీటీ తీసి పంపండి, ఇంటి వృత్తికి మాత్రం కాదు

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టే షెడ్డు ముందు పది నిమిషాలు నిలబడండి. మేస్త్రీ టేపు పరిచి, ఇనుప చానెల్ మీద సుద్దముక్కతో గీత గీసి, మూలమట్టం పెట్టి చూసుకుంటాడు. మూల కలవకపోతే వెనక డోరు పడదు. పైథాగరస్ సిద్ధాంతాన్ని పదిసార్లు రాసిన తొమ్మిదో తరగతి పిల్లాడు రోజూ ఆ దారినే స్కూలు బస్సులో పోతుంటాడు. దిగడు. దిగితే వాళ్ల నాన్న ఊరుకోడు.

2020 జాతీయ విద్యా విధానం సంగతి తెలిసిందే. 6-8 తరగతుల పిల్లలు పది రోజులు సంచి పక్కన పడేసి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ల దగ్గర గడపాలంది. 2025కల్లా కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలంది. ఆ గడువు ఎలా గడిచిందో బడికెళ్లే పిల్లలున్న ఇళ్లలో చెప్పక్కర్లేదు. పైగా ఏ గ్రూపో తేల్చుకోవాల్సింది పదో తరగతిలో అయితే, సంచి లేని రోజులు ఎనిమిదితోనే సరి. ఆపైన 12 దాకా అవకాశం ఇవ్వొచ్చని రాశారు. మన దగ్గర ఇవ్వొచ్చు అంటే ఇవ్వరనే.

ఇలా పని చూడ్డానికి పంపడమంటే పిల్లల్ని కులవృత్తుల్లోకి నెట్టడమేనని కొందరంటారు. కొట్టిపారేసే మాట కాదు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ సగం పూట బడి, మిగతా పూట ఇంటి వృత్తి అన్నారు. జనం తిరగబడ్డారు. 1954లో ఆయన కుర్చీ దిగారు, పథకమూ పోయింది.

అయితే ఆ పథకంలో ఉన్న తప్పు, పని చూపించడం కాదు, ఎవరింటి పని వాళ్లకే చూపించడం. మగ్గం ఇంటివాడికి మగ్గం, చెప్పులు కుట్టే ఇంటివాడికి ఆరె. దాన్ని తలకిందులు చేద్దాం. ఎవరు ఏ పని చూడ్డానికి వెళ్లాలో తొమ్మిదో తరగతిలో చీటీలు వేద్దాం. డాక్టరుగారబ్బాయికి ఆటోనగర్, మెకానిక్ కూతురికి బ్యాంకు, కూలీ కొడుక్కి తహసీల్దారు ఆఫీసు, బిల్డరుగారమ్మాయికి మంగళగిరి మగ్గం. ఇంటి వృత్తే వస్తే చీటీ మళ్లీ తీయాలి. ఉండాల్సిన రూలు అదొక్కటే. ఇక బాలకార్మికుల భయం అంటారా, చాకిరీ చేయించమని ఎవరన్నారు? వెల్డింగ్ దగ్గర దూరంగా నిలబడి, నల్లద్దంలోంచి చూసి, నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు.

అసలు మనకు పని అంటేనే శిక్ష. చదవకపోతే గేదెలు కాసుకుంటావని బెదిరించి పెంచుతాం. అలా పెరిగి, బోల్టు బిగించకుండానే బీటెక్ పూర్తిచేసినవాడు తండ్రి వయసు మెకానిక్‌ను ‘ఏయ్’ అని పిలుస్తాడు. ఇది మార్కుల జబ్బు కాదు, కులం జబ్బు. ఎంపీసీ, బైపీసీ దాని కొత్త పేర్లు.

అందుకే ఈ పథకాన్ని సర్కారు బడులకు అంటగట్టి చేతులు దులుపుకుంటామంటే నేనొప్పుకోను. అక్కడి పిల్లలకు పని కొత్త కాదు. సెలవుల్లో మిరపకోతకు పోయేవాళ్లున్నారు. వాళ్లకు చూపించాల్సింది ఏసీ గది. షెడ్డుకు పంపాల్సింది ఐఐటీ ఫౌండేషన్ పిల్లల్ని. మొదటి చీటీ కార్పొరేట్ బడిలోనే తీయాలి. లక్షల్లో ఫీజు కట్టిన తండ్రి ఫోన్ చేసి, మావాణ్ని గ్యారేజీకెందుకు పంపారని గద్దిస్తాడు. గద్దించనివ్వండి. ఆయన కారు కూడా అక్కడే ఏదో షెడ్డులో ఉండే ఉంటుంది.