ఇంటి డిజైనర్ ఆదాయం ఎక్కడి నుంచి వస్తోంది?

పాత ఫ్లాటు కొని బాగుచేయించుకున్న కుటుంబం డిజైనర్ దగ్గరకు ఎప్పుడు వెళుతుందో గమనించండి. నేల పలకలు మార్చడం, స్నానాల గదుల్లో నీరు కారకుండా పని చేయించడం, కరెంటు తీగలు కొత్తగా లాగించడం అన్నీ అయ్యాక, చేతిలో డబ్బు తగ్గి గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడ్డాక. బెంగళూరులో బనశంకరి, కమ్మనహళ్లి, మారతహళ్లి వైపు పదిహేను ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామంది ఈ దశలోనే మొదటిసారి డిజైనర్ ముందు కూర్చుంటారు. అక్కడ తరచుగా వినిపించే మాట ఒకటుంది: డిజైన్ ఉచితం, పని మాకు ఇస్తే చాలు. ఆ ఇంటి మంచిచెడ్డల్లో చాలావరకు ఈ మాటతోనే తేలిపోతాయని నా అభిప్రాయం.

డిజైనర్‌కు ఆదాయం ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. ఆలోచనకు, బొమ్మలకు, పర్యవేక్షణకు నిర్ణీత ఫీజు తీసుకోవడం ఒకటి. మొత్తం ఖర్చులో ఇంత శాతం అని తీసుకోవడం రెండోది. చెక్కపని, సామాన్లు తామే అమ్మి అందులో లాభం చూసుకోవడం మూడోది. ఉచిత డిజైన్ అన్నది ఈ మూడో దారిలో పుట్టిన మాట. రెండో దారిలోనూ, మూడో దారిలోనూ ఇంట్లో ఎంత ఎక్కువ చెక్క పడితే అంత ఆదాయం. ఇందులో ఎవరి నిజాయితీనీ శంకించాల్సిన పని లేదు. లెక్క అలా అల్లుకుని ఉంది, అంతే. అందుకే టీవీ వెనక గోడంతా పలకలు, ప్రతి గదికీ ఫాల్స్ సీలింగ్, ప్రతి అల్మరా మీదా అటక, మంచం తలవైపు మెత్తలు కుట్టిన గోడ. ఈ గోడను ఖాళీగా వదిలేయండి, గాలీ వెలుతురూ బాగున్నాయి అని చెప్పిన డిజైనర్‌కు ఆ సలహా వల్ల పైసా రాదు. ఇంటివారికి అన్నిటికంటే అవసరమైన సలహా బహుశా అదే.

2014లో మొదలైన హోమ్‌లేన్, లివ్‌స్పేస్ వంటి సంస్థలు ఈ నగరంలో వేళ్లూనుకున్నాక డిజైనూ తయారీ బిగింపూ ఒకేచోట దొరకడం మామూలైంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకు అది పెద్ద వెసులుబాటు. దాన్ని తక్కువ చేయను. కానీ సలహా ఇచ్చేవారూ సరుకు అమ్మేవారూ ఒకరే అయినప్పుడు, మన తరఫున ప్రశ్నలు అడిగే మనిషి ఆ గదిలో ఉండరు.

ఆ ప్రశ్నల్లో మొదటిది గోడకు బిగించేది ఎంత, కదిలించగలిగేది ఎంత అన్నది. బెంగళూరులో ఉన్నవాళ్లు రేపు హైదరాబాద్‌కు మారవచ్చు, ఇల్లు అద్దెకు ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. మంచం, బల్ల, సోఫా లారీ ఎక్కుతాయి. గోడకు బిగించిన లక్షల రూపాయల చెక్కపని అక్కడే ఉండిపోతుంది, అమ్మకం ధరలో దానికి పెట్టిన డబ్బు వెనక్కి రావడం కష్టం. నాగసంద్రలో 2022 జూన్‌లో తెరిచిన ఐకియా దగ్గర్నుంచి మైసూరు రోడ్డు పక్కన టింబర్ యార్డ్ లేఅవుట్ దాకా విడి సామాను దొరికే చోట్లకు ఈ ఊళ్లో కొదవ లేదు. ఊరి నుంచి తెచ్చుకున్న తాతల నాటి టేకు మంచాన్ని కొత్త గదికి నప్పదని పక్కన పెట్టించే డిజైనర్లున్నారు. దాన్ని గీకించి, పాలిష్ చేయించి, చుట్టూ గదిని అమర్చగలిగినవారే నా దృష్టిలో పనిమంతులు.

రెండో ప్రశ్న కొలత గురించి. కొటేషన్లలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఏడడుగుల ఎత్తు, ఏడడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న వార్డ్‌రోబ్ తీసుకుందాం. ముందు వైపు మాత్రమే కొలిస్తే 49 చదరపు అడుగులు. వాడిన పలకలన్నీ కొలిస్తే ముందు 49, వెనక 49, రెండు పక్కలూ కలిపి 28, పైనా కిందా కలిపి 28, మొత్తం 154. లోపలి అరలు దీనికి అదనం. ఇప్పుడు ఒకరు చదరపు అడుగు 1500 అన్నారు, ఇంకొకరు 500 అన్నారు అనుకోండి. మొదటివారు ముందు వైపు కొలిచేవారైతే బిల్లు 73,500. రెండోవారు పలకలన్నీ కొలిచేవారైతే అరలు కలపకుండానే 77,000. మూడో వంతు ధర చెప్పినవారి బిల్లే ఎక్కువైంది. కాబట్టి ధర కంటే ముందు కొలత పద్ధతి రాతపూర్వకంగా తీసుకోవాలి. జీఎస్‌టీ కలిపారా లేదా అన్నది కూడా. పది లక్షల పనికి 18 శాతం అంటే లక్షా ఎనభై వేలు, చివర్లో తెలిస్తే తట్టుకోవడం కష్టం.

సరుకు నాణ్యత గురించి డిజైనర్లు చూపించే రంగుల త్రీడీ బొమ్మ ఏమీ చెప్పదు. తలుపు మీద అతికించిన పలుచని లామినేట్ పొర రంగు కనిపిస్తుంది, దాని కింద ఉన్నది ప్లైవుడ్డో, చెక్క పీచును అదిమి చేసిన ఎండీఎఫో, చెక్క పొట్టుతో చేసిన పార్టికల్ బోర్డో కనిపించదు. భారత ప్రమాణాల్లో మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అనే సంఖ్య ఉంది, 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు ఊడకూడదు. మామూలు అవసరాల ప్లైవుడ్‌కు ఐఎస్ 303. వంటింటి సింకు కిందకు, స్నానాల గదిని ఆనుకున్న అల్మరాలకు మొదటిదే కావాలి. బాగుచేయించిన ఇంట్లో ఇది మరీ ముఖ్యం. కొత్తగా పూసిన సిమెంటు గోడలో తేమ వారాల తరబడి ఉంటుంది. అది ఆరకముందే వార్డ్‌రోబ్ బిగిస్తే మొదటి వానాకాలానికే వెనక పలక మీద బూజు పట్టి, బట్టలు ముక్కవాసన వేస్తాయి. ఇంకో నెల ఆగండి అని చెప్పగలిగే డిజైనర్ కావాలంటే, ఆ నెల ఆలస్యం వల్ల వారికి నష్టం లేని ఒప్పందం ఉండాలి.

ఆగడానికి మనమూ సిద్ధంగా ఉండం. ఆషాఢంలో, పుష్యంలో గృహప్రవేశాలు పెట్టుకోం గనుక అందరి ముహూర్తాలూ మిగిలిన నెలల్లోనే ఇరుక్కుంటాయి. కార్పెంటర్లలో చాలామంది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారు, హోళీకో దీపావళికో ఊరు వెళితే తిరిగి వచ్చేదాకా పని ఆగుతుంది. శబ్దం వచ్చే పనులను ఆదివారాలు చేయనివ్వని అపార్ట్‌మెంట్ సంఘాలు ఎన్నో. ఇన్ని తెలిసీ నలభై ఐదు రోజుల్లో అప్పగిస్తామన్న మాటను నమ్ముతాం, ఎందుకంటే ఆహ్వాన పత్రికలు అచ్చయిపోయాయి. ముహూర్తం తేదీ డిజైనర్‌కు తెలిసిన క్షణం నుంచి బేరమాడే శక్తి మన చేతిలోంచి జారిపోతుంది. నిజానికి పాలు పొంగించడానికి ఒక పొయ్యి, పూజకు ఈశాన్యాన కాస్త చోటు చాలు. ముహూర్తానికి గృహప్రవేశం చేసుకుని, చెక్కపని నింపాదిగా పూర్తయ్యాక సామాను చేర్చుకుంటే శాస్త్రానికీ లోటు లేదు, పనికీ తొందర లేదు.

తొందరలో అన్నిటికంటే ముందు బలయ్యేది వంటిల్లు. డిజైనర్‌తో సమావేశాలు ఎక్కువగా రాత్రి భోజనాల తర్వాత ల్యాప్‌టాప్ ముందు జరుగుతాయి. నెల్లూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి ఏడాదిలో నాలుగైదు నెలలు ఆ ఇంట్లో ఉండే అమ్మో అత్తగారో ఆ సమావేశంలో ఉండరు. వంట గట్టు ఎత్తు వండేవారి మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉండాలని ఆమెను నిలబెట్టి కొలిచేవారు తక్కువ. ఐదడుగుల మనిషికి 34 అంగుళాల గట్టు మీద పెద్ద గిన్నెలో పులుసు కలపడం భుజాలకు శిక్ష. పాతిక కిలోల బియ్యం బస్తా ఎక్కడ ఉంటుంది? ఆవకాయ జాడీలు ఏ అరలో? గ్రైండర్‌ను ప్రతిసారీ కింది నుంచి ఎత్తి పెట్టాలా? మోకాళ్ల నొప్పులున్న మామగారు రాత్రి లేస్తే దారిలో తివాచీ అంచు తగలదు కదా? ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకుని, ఆ తర్వాత గీత గీసేవారికి ఎంత ఫీజు ఇచ్చినా దండగ కాదు.

చట్టం వైపు నుంచి చూస్తే ఇంటివారికి ఆసరా ఉంది, కానీ అందరూ అనుకునే చోట లేదు. 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం బిల్డర్ కట్టిన నిర్మాణంలో లోపాలకు ఐదేళ్ల పూచీ పెట్టింది. మనం విడిగా మాట్లాడుకున్న డిజైనర్‌కు అది వర్తించదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ఆర్కిటెక్ట్ అనే హోదాను కాపాడుతుంది, ఇంటీరియర్ డిజైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి అలాంటి నమోదు అక్కర్లేదు. మిగిలేది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, మనం నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు, వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. అయితే అక్కడ చూపడానికి కాగితం కావాలి. సరుకు పేరు, మందం, కొలత పద్ధతి, గడువు, ఆలస్యానికి కోత, ఇవేవీ లేని రెండు పేజీల కొటేషన్‌తో, వాట్సాప్‌లో వచ్చిన రంగుల బొమ్మలతో వాదన నిలబెట్టడం కష్టం.

అందుకే ఫీజునూ పనినీ రెండు వేర్వేరు ఒప్పందాలుగా రాసుకోవాలని గట్టిగా అంటున్నాను. ముందే ఫీజు కట్టడం భారమనిపిస్తుంది, నిజమే. కానీ ఆ ఫీజు తీసుకున్నవారు అనవసరమైన ఒక్క గోడ పలకను వద్దంటే చాలు, అందులో చెప్పుకోదగ్గ భాగం తిరిగి వచ్చేసినట్టే. ఇక్కడ డిజైనర్ల గోడు కూడా వినాలి. ఫీజుకు మాత్రమే పనిచేయాలని ఉన్న యువ డిజైనర్లు ఈ నగరంలో ఉన్నారు. వారి చేత ఉచితంగా బొమ్మలు గీయించుకుని, వాటిని తీసుకెళ్లి తక్కువకు చేసే కార్పెంటర్‌కు ఇచ్చే కుటుంబాలూ ఉన్నాయి. ఉచిత డిజైన్ అనే పద్ధతిని పెంచి పోషించింది ఆ అలవాటే. ఒప్పందంలో దీనికి చోటు పెట్టడం కష్టం కాదు. కొలతలు తీసినప్పుడు ఫీజులో ఒక వాటా, పూర్తి కొలతల బొమ్మలూ సరుకుల జాబితా చేతికి వచ్చినప్పుడు పెద్ద వాటా, బిగింపు పర్యవేక్షణ అయ్యాక మిగిలినది ఇవ్వాలి. రెండో వాటా చెల్లించాక ఆ బొమ్మలు ఇంటివారివి, వాటితో టింబర్ యార్డ్‌లోని కార్పెంటర్ దగ్గరకైనా పెద్ద సంస్థ దగ్గరకైనా వెళ్లవచ్చని అందులోనే రాసి ఉండాలి.