సున్నా బైట్ల ఫైలు పాపం జర్నల్‌ది కాదు

కరెంటు పోయి వచ్చాక చూస్తే సెట్టింగుల ఫైలు పేరు ఉంటుంది, లోపల సున్నా బైట్లు. 2009లో ఉబుంటు 9.04 పరీక్ష దశలో లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 మీద రేగిన గొడవ ఇదే. నింద ఇప్పటికీ ఫైల్ సిస్టమ్ మీద, మార్పులను ముందుగా నమోదు చేసుకునే దాని జర్నల్ మీదే పడుతోంది. తప్పు మాత్రం పాత ఫైలును ముందే కోసేసి, ఆ తర్వాత కొత్తది రాసే ప్రోగ్రాముది.

ట్రంకేట్ చేస్తూ, అంటే పాత డేటా కోసేస్తూ, ఫైలు తెరవగానే దాని వివరాలుండే ఐనోడ్‌లో సైజు సున్నా అవుతుంది. అది మెటాడేటా (ఫైలు గురించిన సమాచారం) కాబట్టి 5 సెకన్లకోసారి మార్పులను ఖాయం చేసే కమిట్‌లో జర్నల్‌కెక్కుతుంది. కొత్త డేటా ఇంకా మెమరీలోనే ఉంటుంది. ఆలస్య కేటాయింపు వల్ల దానికి డిస్కులో బ్లాకులు దక్కడానికి 30 సెకన్లు పట్టినా పట్టొచ్చు. ఆలోగా మెషీన్ ఆగిపోతే మిగిలేది ఆ సున్నాయే.

ట్రంకేట్ విషయంలో జర్నల్ అజాగ్రత్తగా ఏమీ లేదు. పెద్ద ఫైలు బ్లాకులన్నీ వదలడం ఒక్క ట్రాన్సాక్షన్‌లో (ఒకేసారి ఖాయమయ్యే మార్పుల కట్టలో) పట్టకపోవచ్చు కనుక ఐనోడ్‌ను ముందే, పని మిగిలినవాటిని గుర్తుంచే ఆర్ఫన్ జాబితాలో చేరుస్తుంది. మధ్యలో కూలితే, మళ్లీ మౌంట్ చేసినప్పుడు జర్నల్ రీప్లే అయ్యాక, అంటే అందులోని మార్పులు మళ్లీ అమలయ్యాక, ఆ జాబితా పట్టుకుని మిగిలిన కోత పూర్తి చేస్తుంది. అది కాపాడేది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని. మీరు రాసిన అక్షరాలకు అది హామీ ఇవ్వలేదు.

దీని ముందు తరం ఈఎక్స్‌టీ3లో ఇలా పోయేవి కావు కదా అంటారు. ఆర్డర్డ్ మోడ్‌లో కమిట్‌కు ముందే డేటా డిస్కుకు వెళ్లడం వల్ల కలిసొచ్చిన సుఖమది. లినక్స్ 2.6.30 కెర్నల్‌లో ఈఎక్స్‌టీ4 డెవలపర్ థియోడర్ త్సో ఒక సర్దుబాటు చేర్చారు. సున్నాకు కోసిన ఫైలును మూయగానే ఫైల్ సిస్టమ్ బ్లాకులు కేటాయించి రాత మొదలుపెడుతుంది. కానీ కోతకూ మూతకూ మధ్య కమిట్ పడి, వెంటనే మెషీన్ ఆగితే డేటా పోయినట్టే.

సరైన పద్ధతి ఇదీ. అదే డైరెక్టరీలో తాత్కాలిక ఫైలు తెరిచి, పాతదాని పర్మిషన్లు ఇచ్చి, పూర్తిగా రాసి, ఎఫ్‌సింక్ (డేటాను డిస్కుకు చేర్చమనే పిలుపు) చేయాలి. తర్వాత పాత పేరు మీదికి రీనేమ్ చేసి, డైరెక్టరీని కూడా ఎఫ్‌సింక్ చేయాలి. తాత్కాలిక ఫైలు వేరే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే రీనేమ్ కుదరదు. ఎఫ్‌సింక్ ఎర్రర్ ఇస్తే దాన్నే మళ్లీ పిలవకండి. రాయలేకపోయిన పేజీలను లినక్స్ శుభ్రమైనవిగా (డిస్కుకు చేరినవిగా) గుర్తు పెట్టేయొచ్చని, అప్పుడు రెండో పిలుపు 'సరే' అంటుందని 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బృందానికి తెలిసొచ్చింది. ఎర్రర్ వస్తే మొదటినుంచి కొత్త ఫైలు రాయాలి.

ఒక ఫైలు సేవ్ చేయడానికి ఇన్ని మెట్లు ఎందుకుండాలి? 'పాతదైనా పూర్తిగా, కొత్తదైనా పూర్తిగా' అనే ఒక్క పిలుపు కెర్నల్ ఇవ్వాలి. 2013లో 3.11 కెర్నల్‌తో పేరులేని తాత్కాలిక ఫైళ్లు వచ్చాయి గానీ, వాటిని ఉన్న పేరు మీదికి నేరుగా లింక్ చేయనివ్వరు. ముందు వేరే పేరు పెట్టి, మళ్లీ రీనేమ్ చేయాల్సిందే.