మామూలు లంచమే: కోర్టు సిబ్బంది గురించి తిరుగుతున్న ఒక సందేశానికి సమాధానం

కోర్టు పనుల మీద తిరిగేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం రకరకాల మాటల్లో తిరుగుతూనే ఉంది. దాని సారాంశం ఇది: ప్రవర్తనా నియమాలు జడ్జీలకే గాని కోర్టు సిబ్బందికి లేవు, జడ్జి దగ్గర కేసు కాగితాలు చూసే బెంచి క్లర్కుకో, జప్తు వంటి ఉత్తర్వులు అమలు చేసే అమీనాకో, అటెండరుకో ఇచ్చే మామూలు ఆనవాయితీయే తప్ప లంచం కాదు, తీర్పు చెప్పేది జడ్జి కాబట్టి కింది ఉద్యోగి వల్ల కేసుకు వచ్చే నష్టం లేదు, వాళ్ల మీద ఫిర్యాదు చేస్తే కోర్టు ధిక్కారం అవుతుంది, డబ్బు ఇచ్చానని బయటపడితే ముందు ఇచ్చినవాడే జైలుకు పోతాడు, కోర్టుల్లో అందరూ ఇంతే కాబట్టి ఇవ్వాల్సింది ఇచ్చేసి పని చేయించుకోవడం మేలు. జైలు గురించిన మాటలో సగం నిజం ఉంది. మిగిలినవన్నీ తప్పు. పొలం గట్టు తగాదాతోనో, భరణం కేసుతోనో జీవితంలో మొదటిసారి కోర్టు మెట్లెక్కే మనిషి ఈ సందేశాన్నే చట్టమనుకునే ప్రమాదం ఉంది కనుక, దీనికి వివరంగా జవాబు చెప్పక తప్పదు.

నియమాలు లేవన్న మాటతో మొదలుపెడదాం. న్యాయమూర్తులు తమకు తాముగా రాసుకున్న పత్రం ఒకటి ఉన్న మాట నిజమే. న్యాయజీవన విలువల పునరుద్ఘాటన పేరుతో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ 1997 మే 7న 16 అంశాల పత్రాన్ని ఆమోదించారు. అది ఉన్నత న్యాయస్థానాల జడ్జీలను ఉద్దేశించినది. సందేశం రాసినవారు బహుశా దాన్ని చూసే, సిబ్బందికి అలాంటిదేమీ లేదని తేల్చేశారు. అయితే హైకోర్టు ఉద్యోగుల నియామకాన్నీ సర్వీసు నిబంధనలనూ రాజ్యాంగంలోని 229వ అధికరణం ప్రధాన న్యాయమూర్తి చేతిలో పెట్టింది. జిల్లా కోర్టులూ వాటి కింది కోర్టుల మీద నియంత్రణను 235వ అధికరణం హైకోర్టుకు అప్పగించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా కోర్టుల్లో పనిచేసే సూపరింటెండెంటు దగ్గర నుంచి సమన్లు, నోటీసులు అందించే ప్రాసెస్ సర్వర్ దాకా అందరూ 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలకు లోబడినవారే. కానుకలు తీసుకోవడంపై ఆంక్షలు, ఆస్తుల వివరాలు ఏటా సమర్పించాల్సిన బాధ్యత, అనుమతి లేకుండా సొంత వ్యాపారం చేయరాదన్న నిషేధం వీరందరికీ వర్తిస్తాయి. తప్పు చేసినవారిపై 1991 నాటి క్రమశిక్షణ నియమాల కింద విచారణ జరిపి, ఇంక్రిమెంటు ఆపడం నుంచి ఉద్యోగం నుంచి తొలగించడం దాకా శిక్ష వేయవచ్చు.

కోర్టు ఉద్యోగిని ఇతర ప్రభుత్వోద్యోగులకన్నా ఒక మెట్టు పైన నిలబెట్టి చూసిన చట్టాలు మనకు వందేళ్లకు పైగా ఉన్నాయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 73వ రూలు ప్రకారం, కోర్టు వేలంతో సంబంధమున్న విధుల్లో ఉన్న ఏ ఉద్యోగీ ఆ వేలంలో నేరుగా గాని, మరొకరి పేరు మీద గాని పాట పాడకూడదు, ఆ ఆస్తిలో ఎలాంటి వాటా సంపాదించుకోకూడదు. అప్పు తీర్చలేక ఇల్లు వేలానికి వచ్చిన కుటుంబం ఎదుట దండోరా వేయించిన అమీనాయే బావమరిది పేరు మీద ఆ ఇల్లు కొనుక్కుంటే ఏమవుతుందో ఆ రూలు రాసినవారికి తెలుసు. ఆస్తి బదిలీ చట్టం 136వ సెక్షను మరింత ముందుకు వెళ్లి, జడ్జితో పాటు కోర్టుతో సంబంధమున్న ఏ అధికారి అయినా బాకీలవంటి, దావా వేసి రాబట్టుకోగల హక్కులను కొనరాదనీ, వాటిలో వాటా తీసుకుంటానని ఒప్పుకోరాదనీ శాసించింది. నియమాలు ఇలా పలుచోట్ల చెల్లాచెదురుగా ఉండటం వల్ల సామాన్యుడి కంట పడటం లేదన్నది నేనూ ఒప్పుకుంటాను. వాటిని తెలుగులో ఒకచోట చేర్చి ప్రతి కోర్టు వరండాలో గోడకు అంటించాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ని. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

మామూలు లంచం కాదన్న రెండో వాదనకు వస్తే, దీన్ని నమ్మేవారు సాధారణంగా చెప్పే కారణం ఒకటే: ఆ ఉద్యోగి మనకోసం తప్పుడు పనేమీ చేయలేదు, చేయాల్సిన పనే చేశాడు, మనం సంతోషంగా ఇచ్చాం. సరిగ్గా ఈ వాదనను ఊహించే 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం 7వ సెక్షనుకు ఒక వివరణ జోడించారు. పని సక్రమంగానే జరిగినా సరే, దానికోసం అనుచిత లబ్ధి తీసుకోవడమే నేరమని అది చెబుతుంది. శిక్ష కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్లు, దానిపై జరిమానా. బెయిలు వచ్చిన రోజున ఇచ్చే వంద నోటుకైనా, సివిల్ కేసులో డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, వచ్చిన రోజున ఇచ్చే పదివేలకైనా ఇదే సెక్షను వర్తిస్తుంది.

ఆనవాయితీ అన్న మాటకు ఏ కోర్టూ విలువ ఇవ్వదనడానికి 2022 చివర్లో అలహాబాద్ హైకోర్టులో జరిగినదే నిదర్శనం. అక్కడ కేసు కట్టలు మోసే జమేదారు ఒకరు, న్యాయవాదులు చిల్లర లేదనకుండా, నడుముకు పేటీఎం క్యూఆర్ కోడ్ తగిలించుకుని విధులకు వచ్చారు. ఆ ఫోటో బయటికి రాగానే ఒక న్యాయమూర్తి ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు, ఆ ఉద్యోగి సస్పెండయ్యారు. అందరికీ తెలిసేలా, బహిరంగంగా తీసుకున్నంత మాత్రాన అది సక్రమమైపోలేదు. అదే హాల్లో ఎదుటి పక్షం కక్షిదారు కూడా కూర్చుని ఉంటాడన్నది మనం మరిచిపోతున్నాం. తన ప్రత్యర్థి వకీలు కోర్టు ఉద్యోగికి డబ్బు ఇస్తుంటే చూసిన మనిషి, ఆ తర్వాత తనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పు ఎంత న్యాయమైనదైనా దాన్ని న్యాయమని నమ్మడు.

కింది ఉద్యోగి వల్ల కేసుకు నష్టం లేదన్న మూడో మాట అన్నిటికన్నా ప్రమాదకరమైనది. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

దావా వేసిన తర్వాత ప్రతివాదికి సమన్లు అందించేది ప్రాసెస్ సర్వరే. మనిషి దొరకకపోయినా, తీసుకోనని చెప్పినా సమన్ల ప్రతిని ఇంటి తలుపుకు అంటించి, ఏ పరిస్థితుల్లో అలా చేశాడో, ఆ ఇల్లు చూపించిందెవరో, ఎవరి సమక్షంలో అంటించాడో రాసి తిప్పి పంపాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ అయిదో ఆర్డరు 17వ రూలు చెబుతుంది. ఊళ్లోకి వెళ్లకుండానే, బస్టాండు దగ్గర టీ కొట్లో కూర్చుని ‘ప్రతివాది నిరాకరించినందున తలుపుకు అంటించడమైనది’ అని రాసేసిన కాగితం జడ్జి ముందుకు వస్తే, ఆయనకు కనబడేది ఆ కాగితమే. దాని ఆధారంగా ప్రతివాదిని ఎక్స్ పార్టీ చేస్తారు, అంటే అతను లేకుండానే కేసు నడిపిస్తారు, డిక్రీ వస్తుంది, ఆ తర్వాత దాన్ని అమలు చేయమని ఇ.పి. (ఎగ్జిక్యూషన్ పిటిషన్) పడుతుంది. పాపం ఆ ప్రతివాదికి మొదటిసారి విషయం తెలిసేది అమీనా జప్తు ఉత్తర్వుతో ఇంటి ముందు నిలబడినప్పుడే. తొమ్మిదో ఆర్డరు 13వ రూలు కింద ఆ డిక్రీని రద్దు చేయమని అడగవచ్చు, సమన్లు సక్రమంగా అందలేదని రుజువైతే తెలిసిన రోజు నుంచి 30 రోజుల గడువూ ఉంటుంది. అయితే అందలేదని నిరూపించే భారమంతా అతని నెత్తిన పడుతుంది. ఒక ఉద్యోగి రాసిన రెండు వాక్యాల అబద్ధాన్ని దులుపుకోవడానికి మనిషికి ఏళ్లు పడుతున్నాయి.

తీర్పు నకలు సంగతి చూడండి. సర్టిఫైడ్ కాపీ మీద ఒక స్టాంపు ముద్ర ఉంటుంది. అందులో దరఖాస్తు వేసిన తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగా చేత్తో నింపి ఉంటాయి. చాలామంది దాన్ని చూడను కూడా చూడరు. అయితే అప్పీలు గడువు లెక్కంతా ఆ తేదీల మీదే నడుస్తుంది. జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు ఉన్న ఆ గడువులోంచి నకలు తీసుకోవడానికి అవసరమైన కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షను మినహాయిస్తుంది. సిద్ధమైన తేదీని ఒక వారం ముందరిదిగా వేస్తే ఒకరి అప్పీలు గడువు దాటిపోతుంది, ఒక వారం తర్వాతిదిగా వేస్తే దాటిపోయిన గడువు ఇంకొకరికి తిరిగి వస్తుంది. తీర్పు రాసిన జడ్జికి ఇందులో ఏ ప్రమేయమూ ఉండదు.

ఒక్క పదం ఎంత పనిచేయగలదో దేశమంతా చూసిన సందర్భం 2019 జనవరిలో సుప్రీంకోర్టులోనే వచ్చింది. ఎరిక్సన్ కంపెనీ వేసిన ధిక్కార కేసులో అనిల్ అంబానీ స్వయంగా హాజరు కావలసిందేనని ధర్మాసనం చెప్పగా, వెబ్‌సైటులో పెట్టిన ఉత్తర్వులో హాజరు నుంచి మినహాయింపు ఇచ్చినట్టు కనబడింది. ఒక్క ‘కాదు’ అన్న అర్థమిచ్చే పదం ఎగిరిపోయిందంతే. తర్వాత దాన్ని సరిదిద్దారు, ఆ ఫిబ్రవరిలో ఇద్దరు కోర్టు ఉద్యోగులను తొలగిస్తూ ప్రధాన న్యాయమూర్తి ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఇద్దరి తప్పు ఎంత అని తేల్చడం నా పని కాదు. కోర్టు నోట వచ్చిన మాట ప్రజలకు చేరేది సిబ్బంది చేతుల మీదుగానే అని చెప్పడానికే దాన్ని ప్రస్తావిస్తున్నాను. అత్యున్నత న్యాయస్థానంలో, దేశంలోనే పేరున్న వకీళ్లు కాపుకాసే కేసులో ఇది జరిగితే పట్టుబడింది. మన మున్సిఫ్ కోర్టులో, చదువురాని కక్షిదారు కేసులో జరిగితే ఎవరు గమనిస్తారు?

ఇక ఫిర్యాదు చేస్తే ధిక్కారమన్న బెదిరింపు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం శిక్షించేది కోర్టు ఉత్తర్వును కావాలని ఉల్లంఘించడాన్నీ, న్యాయస్థానాన్ని అపకీర్తిపాలు చేయడాన్నీ, విచారణకు గాని న్యాయపాలనకు గాని అడ్డు తగలడాన్నీ. కింది కోర్టు జడ్జి మీదనే సద్భావంతో హైకోర్టుకు ఫిర్యాదు చేస్తే అది ధిక్కారం కాదని ఆ చట్టం 6వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. జడ్జి మీద చేసిన ఫిర్యాదుకే అంత రక్షణ ఉన్నప్పుడు, క్లర్కు డబ్బు అడిగాడని జిల్లా జడ్జికి రాతపూర్వకంగా చెప్పుకోవడం ధిక్కారం ఎలా అవుతుంది? హైకోర్టులో ఇలాంటివి చూడటానికి రిజిస్ట్రార్ (విజిలెన్స్) కూడా ఉన్నారు. తేదీ, కేసు నంబరు, ఎవరు ఎంత అడిగారన్నది రాసి, సంతకం పెట్టి ఇస్తే ఆ ఫిర్యాదుకు బలం ఉంటుంది. ఆ పని చేయకుండా, ఫలానా తీర్పు అమ్ముడుపోయిందని ఆధారం లేకుండా ఫేస్‌బుక్‌లో రాయడం మాత్రం వేరే సంగతి. దాన్ని నేను సమర్థించను.

ఇచ్చినవాడే జైలుకు పోతాడన్నది సగం నిజమని మొదట్లోనే అన్నాను. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షను కింద నేరమే. సందేశం దాచిపెట్టిన మిగతా సగం ఏమిటంటే, బలవంతం మీద ఇచ్చినవాడు 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే ఆ సెక్షను అతనికి వర్తించదు. ముందే అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీకి) చెప్పి, వారి సూచన మేరకు ఇచ్చినవాడికీ వర్తించదు. తెలంగాణలో ఏసీబీ ఉచిత నంబరు 1064. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి ఇప్పించడం, పట్టుకున్న వెంటనే ఆ చేతులను సోడియం కార్బనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరగడం వలపన్ని పట్టుకున్న ఎన్నో ట్రాప్ కేసుల్లో రుజువుగా నిలిచింది. చివర్లో ఫిర్యాదుదారు మాట మార్చినా, చనిపోయినా, ఇతర సాక్ష్యాలతో లంచం అడిగిన విషయాన్ని రుజువు చేయవచ్చని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అందరూ ఇంతేనన్న ఆఖరి మాట అన్యాయమైనది. పెండింగు కట్టల మధ్య, చాలని సిబ్బందితో, రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చుని డైరీ రాసే బెంచి క్లర్కులు, నడిచి వెళ్లి ఊరూరా నోటీసులు అందించే ప్రాసెస్ సర్వర్లు ఈ సందేశం చదివితే వారికి ఎంత బాధ కలుగుతుందో రాసినవారు ఆలోచించలేదు. పైగా చాలాచోట్ల ‘బెంచి క్లర్కుకు ఇవ్వాలి’ అని వసూలు చేసేది కోర్టు ఉద్యోగే కాదు. మధ్యలో ఉన్న వకీలు గుమస్తానో, కోర్టు ఆవరణలో తిరిగే బ్రోకరో ఆ పేరు చెప్పి డబ్బు తీసుకుంటాడు, అది క్లర్కుకు చేరిందో లేదో ఇచ్చినవాడికి ఎప్పటికీ తెలియదు. ప్రభుత్వోద్యోగిని ప్రభావితం చేస్తానని ఇలా డబ్బు తీసుకునేవారికి అవినీతి నిరోధక చట్టంలోని 7ఎ సెక్షను మూడు నుంచి ఏడేళ్ల జైలు పెట్టింది. వాయిదా తేదీ చెప్పినందుకు కూడా డబ్బు అడిగే మనుషులున్నారు గనుక ఒకటి తెలుసుకోవడం మంచిది: ప్రతి కేసుకూ 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, దాన్ని ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా, కేసు ఏ దశలో ఉందన్న వివరాలు పైసా ఖర్చు లేకుండా కనబడతాయి. జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు కోర్టే వెంటనే ఉచితంగా ఇవ్వాలి. మిగతావాటికి, అంటే నకలు చార్జీలకూ, సమన్లు అందించడానికి కట్టే బత్తాకూ, కోర్టు ఫీజుకూ చట్టం పెట్టిన లెక్క ఉంది, కట్టిన దానికి స్టాంపో చలానో రసీదో చేతికి వస్తుంది. ఆ మూడింటిలో ఏదీ ఇవ్వకుండా ఎవరైనా డబ్బు అడిగితే, అది ఏ రూలు కింద అని రాసి ఇమ్మని అడిగే హక్కు కక్షిదారుకు ఉంది.