రాష్ట్రాల హక్కుల కోసమే అయితే, 1850 చట్టం మాటేమిటి?

ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య 1861-65లో జరిగిన అమెరికా అంతర్యుద్ధం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు టెక్సస్ బడుల్లో కొన్నేళ్ల కిందటి దాకా పాఠ్యప్రణాళిక చెప్పిన జవాబు ఈ వరసలో ఉండేది: ప్రాంతీయ విభేదాలు, రాష్ట్రాల హక్కులు, బానిసత్వం. అంటే బానిసత్వానిది మూడో స్థానం. 2018 నవంబరులో అక్కడి రాష్ట్ర విద్యా బోర్డు ఈ వరసను మార్చి, బానిసత్వ విస్తరణదే ప్రధాన పాత్ర అని నేర్పాలని తీర్మానించింది. డాలస్ చుట్టుపక్కల పిల్లల్ని చదివించుకుంటున్న మన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. కాబట్టి ఇది మన పిల్లల హోంవర్క్ కూడా.

ఆ పాత వరస దానంతటది రాలేదు. యుద్ధంలో ఓడిన దక్షిణాది వీరుల స్మృతి కోసం 1894లో పుట్టిన 'యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ద కాన్ఫెడరసీ' అనే మహిళా సంఘం విగ్రహాలతో పాటు పాఠ్యపుస్తకాల మీద కూడా గట్టిగా పనిచేసింది. ఆ సంఘానికి చరిత్రకారిణిగా ఉండిన జార్జియావాసి మిల్‌డ్రెడ్ రూథర్‌ఫర్డ్ 1920 ప్రాంతంలో బడులకూ గ్రంథాలయాలకూ ఒక కొలబద్ద తయారుచేసి పంపారు. దక్షిణాది తన బానిసలను నిలుపుకోవడానికే పోరాడిందని రాసే పుస్తకాన్ని తిరస్కరించండి అన్నది అందులో ఒక సూత్రం. రెండు మూడు తరాలు ఆ వడపోతలో మిగిలిన పుస్తకాలే చదువుకున్నాయి.

'రాష్ట్రాల హక్కులు' అన్న మాట మన చెవికి ఇంపుగానే ఉంటుంది. 'కేంద్రం మిథ్య' అన్న నినాదం విని పెరిగినవాళ్లం, ఢిల్లీ పెత్తనం మీద కోపం లేని తెలుగువాడు అరుదు. అందుకే ఎవరైనా "వాషింగ్టన్ పెత్తనం భరించలేక దక్షిణ రాష్ట్రాలు విడిపోయాయి" అంటే మనం చప్పున తలూపేస్తాం. కానీ యుద్ధానికి ముందు పదేళ్లలో కేంద్రాన్ని పెత్తనం చేయమని ఒత్తిడి చేసింది దక్షిణాది. మా రాష్ట్రంలో మీ చట్టం చెల్లదని ఎదురు తిరిగింది ఉత్తరాది. వాదం మొత్తం తలకిందులుగా నిలబడి ఉంది.

ముందు కేంద్రం ఎవరి చేతిలో ఉండేదో చూడాలి. 1787 రాజ్యాంగంలో 'బానిస' అన్న మాట ఎక్కడా వాడకుండానే బానిసత్వానికి చోటిచ్చారు. ప్రతినిధుల సభ సీట్లు పంచేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కగట్టారు. ఓటు లేని మనుషుల తలలు లెక్కబెట్టి, వాళ్లను కొనుక్కున్నవాళ్లకు అదనపు సీట్లు ఇచ్చారన్నమాట. అధ్యక్ష ఎన్నికలోనూ అదే లెక్క నడిచింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చాక యుద్ధం మొదలయ్యే దాకా గడిచిన 72 ఏళ్లలో దాదాపు 50 ఏళ్లు బానిస యజమానులే అధ్యక్షులు. ఇలాంటి కేంద్రం మీద దక్షిణాదికి ఫిర్యాదు ఏముంటుంది?

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. 1793లో పత్తి గింజ తీసే యంత్రం వచ్చాక సాగు పడమరకు పరుగెత్తింది. 1860 నాటికి దేశంలో బానిసలు దాదాపు 40 లక్షలు. సౌత్ కరొలైనా, మిసిసిపీల్లో జనాభాలో సగానికి పైగా వాళ్లే. దేశం ఎగుమతుల విలువలో సగానికి మించి పత్తిదే. ఆ మనుషులకు మార్కెట్లో పలికే ధరంతా కూడితే, దేశంలోని రైలుమార్గాలకూ ఫ్యాక్టరీలకూ పెట్టిన పెట్టుబడిని మించిపోయేదని ఆర్థిక చరిత్రకారుల లెక్క. కొత్త భూములు దొరికినంత కాలం ఆ ధర నిలుస్తుంది. అందుకే గొడవలన్నీ కొత్త భూముల దగ్గరే పుట్టాయి. 1820లో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర గీత గీసి, దానికి ఉత్తరాన (మిజోరీ మినహా) బానిసత్వం వద్దనుకున్నారు. 1848లో మెక్సికో నుంచి గెలిచిన విశాలమైన నేలతో ఆ సర్దుబాటు చాలకుండా పోయింది.

1850లో మళ్లీ రాజీ. కాలిఫోర్నియా బానిసత్వం లేని రాష్ట్రంగా చేరింది, దానికి బదులుగా దక్షిణాది కొత్త పరారీ బానిసల చట్టం తెచ్చుకుంది. నా దృష్టిలో యుద్ధానికి బీజం పడింది ఇక్కడే, కాబట్టి ఈ చట్టం దగ్గర కాస్త ఆగాలి. పారిపోయాడని ఆరోపణ వచ్చిన మనిషికి జ్యూరీ విచారణ లేదు. తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. తీర్పు చెప్పేది కేంద్రం నియమించిన కమిషనర్. మనిషిని యజమానికి అప్పగిస్తే అతనికి 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5 డాలర్లు. మొదటిదానికి రాతకోతలు ఎక్కువ కాబట్టి ఫీజూ ఎక్కువ అని సమర్థించుకున్నారు. తప్పించుకోవడానికి సాయపడినవాళ్లకు వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. అంతకన్నా ఘోరం, కేంద్ర అధికారులు పిలిస్తే దారిన పోయేవాడు కూడా వెళ్లి పట్టివ్వడంలో చేయి వేయాలి. ఆ కాలంలో అమెరికా కేంద్ర ప్రభుత్వం సామాన్యుడి జీవితంలో ఇంతగా జొరబడిన చట్టం మరొకటి దొరకడం కష్టం. అడిగి మరీ రాయించుకున్నది 'రాష్ట్రాల హక్కుల' దక్షిణాది.

1854 మే నెలలో ఈ చట్టం బోస్టన్ వీధుల్లో అమలైంది. వర్జీనియా నుంచి పారిపోయి వచ్చిన ఆంథొనీ బర్న్స్ అనే యువకుణ్ణి అక్కడ పట్టుకున్నారు. విడిపించడానికి జనం కోర్టు భవనం మీద పడ్డారు, ఆ తోపులాటలో ఒక కాపలా మనిషి చనిపోయాడు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ సైన్యాన్ని దించాడు. జూన్ 2న, వేలాది మంది వీధుల్లో నిలబడి చూస్తుండగా, ఒక్క మనిషిని తుపాకుల మధ్య నడిపించుకుంటూ ఓడ ఎక్కించారు. అప్పటిదాకా బానిసత్వం గురించి ఉత్తరాది సామాన్యుడికి పెద్ద టెన్షన్ లేదు, అది ఎక్కడో దూరంగా ఉన్న పాపం. ఇప్పుడు గుమ్మంలోకి వచ్చింది. ఎమాస్ లారెన్స్ అనే మిల్లుల యజమాని ఆ రోజుల్లో ఒక ఉత్తరం రాశాడు. దక్షిణాది పత్తి మీద బతికే వ్యాపారం ఆయనది, ఉద్యమకారుడేమీ కాదు. రాత్రి పడుకున్నప్పుడు రాజీ కోరే పాతకాలపు సంప్రదాయవాదులం, పొద్దున లేచేసరికి బానిసత్వాన్ని రద్దు చేయాలని వెర్రెత్తిపోయినవాళ్లం అయ్యాం అన్నది దాని సారం. తర్వాత కాన్సస్ అనే కొత్త ప్రాంతానికి బానిసత్వ వ్యతిరేకులను పంపడానికి డబ్బు పెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. అక్కడి లారెన్స్ పట్నానికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది.

ఉత్తరాది రాష్ట్రాలు ఏం చేశాయి? పరారీ చట్టానికి మా జైళ్లు ఇవ్వం, మా అధికారులు సాయం చేయరని సొంత చట్టాలు చేసుకున్నాయి. విస్కాన్సిన్ సుప్రీంకోర్టయితే ఆ కేంద్ర చట్టం రాజ్యాంగ విరుద్ధమనే తేల్చేసింది. ఇంతకన్నా అచ్చమైన రాష్ట్రాల హక్కుల వాదన ఉంటుందా? 1859లో దాన్ని కొట్టేసి, కేంద్ర చట్టమే పైచేయి అని చెప్పింది అమెరికా సుప్రీంకోర్టు. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రోజర్ టేనీయే అంతకు రెండేళ్ల ముందు డ్రెడ్ స్కాట్ కేసులో నల్లవాళ్లు పౌరులు కాలేరన్నాడు, కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదన్నాడు. రెండు తీర్పులూ దక్షిణాదికి నచ్చినవే.

మధ్యలో కాన్సస్ కథ. 1854లో ఇల్లినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన చట్టంతో 1820 నాటి గీతను చెరిపేసి, బానిసత్వం కావాలో వద్దో అక్కడివాళ్లే ఓటేసుకోవాలన్నారు. ఓట్లకు ముందే తుపాకులు వచ్చాయి. 1856 మే 21న లారెన్స్ పట్నం మీద బానిసత్వ సమర్థకుల దాడి. మర్నాడు వాషింగ్టన్‌లో సెనేట్ సభలోనే, బానిసత్వాన్ని తిడుతూ మాట్లాడిన సెనేటర్ ఛార్లెస్ సమ్నర్‌ను సౌత్ కరొలైనా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో చావబాదాడు. ఆ తర్వాత రెండు రోజులకు బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ ముఠా కాన్సస్‌లో ఐదుగురిని ఇళ్లలోంచి లాగి చంపింది. ఆ వారం తర్వాత రాజీ మాట ఎత్తినవాడు తన ప్రాంతంలోనే ద్రోహి అయ్యే పరిస్థితి.

1860 ఏప్రిల్‌లో సౌత్ కరొలైనాలోని ఛార్ల్స్‌టన్‌లో డెమొక్రటిక్ పార్టీ సమావేశం జరిగింది. కొత్త ప్రాంతాల్లో బానిస యజమానుల ఆస్తికి కేంద్రమే రక్షణ ఇవ్వాలని పార్టీ ప్రణాళికలో రాయాలని దక్షిణాది ప్రతినిధులు పట్టుబట్టారు. స్థానికులే తేల్చుకుంటారన్న డగ్లస్ మాట కూడా వాళ్లకు చాల్లేదు. రాయకపోయేసరికి లేచి వెళ్లిపోయారు. పార్టీ రెండుగా చీలింది, దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో బ్యాలెట్ మీద పేరే లేని రిపబ్లికన్ అభ్యర్థి అబ్రహం లింకన్ దాదాపు 40 శాతం ఓట్లతో గెలిచాడు. 72 ఏళ్లుగా అలవాటైన కేంద్రం చేతుల్లోంచి జారిపోయింది. కేంద్రం బలం వాళ్లకు ముప్పుగా కనిపించింది అప్పుడే.

ఇదంతా నా ఊహ అనుకునేవాళ్లు విడిపోయిన రాష్ట్రాలు అచ్చువేసుకున్న ప్రకటనలు చదవచ్చు. సౌత్ కరొలైనా 1860 డిసెంబరులో, పరారీ బానిసలను అప్పగించే బాధ్యత తప్పారంటూ మెయిన్ నుంచి అయోవా దాకా ఉత్తరాది రాష్ట్రాలను పేరుపేరునా దుయ్యబట్టింది. బానిసను వెంటబెట్టుకుని న్యూయార్క్ మీదుగా వెళ్లే హక్కును కూడా అక్కడి కోర్టులు ఒప్పుకోలేదని వాపోయింది. అంటే న్యూయార్క్ తన గడ్డ మీద తన చట్టం నడుపుకోవడమే నేరం. మిసిసిపీ మొహమాటపడలేదు. మా స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉంది, అది ప్రపంచంలోకెల్లా గొప్ప భౌతిక ప్రయోజనం అని రాసుకుంది. 1861 మార్చిలో, విడిపోయిన రాష్ట్రాలు పెట్టుకున్న 'కాన్ఫెడరసీ' ప్రభుత్వ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీవెన్స్ సవానా సభలో, నల్లవాడు తెల్లవాడికి సమానం కాడన్న సత్యమే మా కొత్త ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. యుద్ధం ఓడాక ఆయనే, ఇదంతా రాజ్యాంగ సూత్రాల తగాదా అని రెండు సంపుటాలు రాశాడు.

దిగుమతి సుంకాల భారం వల్లే దక్షిణాది విడిపోయిందన్న వాదన ఒకటి తిరుగుతుంటుంది, దానికి ఎక్కువ చోటు అక్కర్లేదు. 1857లో సుంకాలు తగ్గాయి. మళ్లీ పెంచిన చట్టం 1861 మార్చిలో వచ్చింది, అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి.

ఇంత చెప్పాక ఉత్తరాదికి పూలదండ వేయాల్సిన పని కూడా లేదు. న్యూయార్క్ బ్యాంకులు పత్తి మీద బాగానే సంపాదించాయి. లింకన్ సొంత రాష్ట్రం ఇల్లినాయ్ 1853లో నల్లవాళ్లు వచ్చి స్థిరపడకుండా చట్టం చేసింది. లింకన్ కూడా ఉన్నచోట బానిసత్వం జోలికి పోనని పదేపదే చెప్పాడు. కొత్త ప్రాంతాలకు పాకనివ్వను అన్న ఒక్క మాట దగ్గర మాత్రం కదల్లేదు. దక్షిణాదికి ఆ ఒక్కటే చాలు. విస్తరణ ఆగితే ధర పడుతుందని, సెనేట్‌లో బలం పోతుందని వాళ్ల భయం. 1861 ఏప్రిల్ 12న ఛార్ల్స్‌టన్ రేవులో కేంద్ర సైన్యం చేతిలో ఉన్న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్చారు, యుద్ధం మొదలైంది.

నాలుగేళ్ల తర్వాత ఆ భయం అసలు రూపంలో బయటపడింది. 1865 తొలి నెలల్లో సైనికులు కరువై, బానిసలను సైన్యంలో చేర్చుకుందామన్న ప్రతిపాదనను దక్షిణాది తేల్చుకోవాల్సి వచ్చింది. దక్షిణాది స్వాతంత్ర్యమే లక్ష్యమైతే చర్చకు తావులేని విషయం. దక్షిణాది సేనాని జనరల్ రాబర్ట్ లీ సైతం అవసరమేనన్నాడు. జార్జియా నాయకుడు హోవెల్ కాబ్ మాత్రం యుద్ధ మంత్రికి ఉత్తరం రాస్తూ, బానిసలు మంచి సైనికులు కాగలిగితే బానిసత్వం గురించి మన సిద్ధాంతమంతా తప్పే అన్నాడు. వారాల తరబడి తర్జనభర్జన పడి మార్చి 13న చట్టం చేశారు. అప్పటికి వాళ్ల రాజధాని రిచ్‌మండ్ పతనానికి దాదాపు మూడు వారాలే ఉంది. ఆ చట్టం చివర ఒక నిబంధన చేర్చారు: తుపాకీ పట్టిన బానిసకూ యజమానికీ ఉన్న సంబంధంలో యజమాని, రాష్ట్రం ఒప్పుకుంటే తప్ప ఏ మార్పూ ఉండదు.