కాయ కాసేదాకా ఎవరికీ అక్కరలేని రోడ్డు మార్జిన్ గారికి

మహారాజశ్రీ రోడ్డు మార్జిన్ గారికి,

ఫుట్‌పాత్‌కూ తారురోడ్డుకూ నడుమ వీధి పొడవునా మేను వాల్చి ఉన్న తమకు నమస్కరించి వ్రాయునదేమనగా, ఎవరికీ చెందకుండా తమరు గడిపిన స్వర్ణయుగం ముగిసినందుకు మా వీధివారి పక్షాన ప్రగాఢ సానుభూతి తెలుపుకుంటున్నాను. ఇల్లు కట్టుకున్నవారు మిగిలిన కంకరను తమ మీదే కుమ్మరించి పోయారు. పగిలిన వాష్‌బేసిన్ ఒకటి తమ ఒడిలో నీళ్లు నింపుకొని దోమలను పెంచి పెద్దచేసింది. పిచ్చిమొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఆ రోజుల్లో ఏ అధికారీ టేపు పట్టుకొని తమ వెడల్పు కొలవడానికి రాలేదు, వీధి అందం చెడిపోతోందని ఏ పొరుగువారూ ఫిర్యాదు చేయలేదు. చెత్త దానంతటదే వచ్చి చేరుతుంది కనుక దానికి అనుమతి అవసరం లేదు కాబోలు. మేము కొందరం కలిసి పలుగూ పారా పట్టి, కంకర ఏరి, మట్టి పోసి, టమాటా, వంగ నారు నాటి, బీన్స్ గింజలు పెట్టాం. బీన్స్ తీగ కర్రను చుట్టుకొని పైకి పాకిందో లేదో, తమకు ఒక యజమాని ఉన్నాడన్న సంగతి లోకానికి వెల్లడైంది.

ఆ యజమాని తరఫున వచ్చిన నోటీసులో తమను ‘ప్రజామార్గంలో అంతర్భాగం’ అనీ, వంగమొక్కను ‘ఆటంకం’ అనీ పేర్కొన్నారు. దాన్ని తెచ్చిన ఉద్యోగి మాత్రం సాత్వికుడు. మొక్కలు నలగకుండా, మట్టి నింపిన చెక్క చట్రం అంచున ఒంటికాలి మీద నిలబడి, టమాటా మొక్కకు ఊతంగా పాతిన కర్రకే ఆ కాగితాన్ని దారంతో కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసి, వెళుతూ వెళుతూ దోరగా పండిన టమాటాలు కొన్ని కోసి జేబులో వేసుకున్నారు. ఆటంకాన్ని తన శక్తి మేరకు అప్పటికప్పుడే తొలగించిన ఆయన కర్తవ్యనిష్ఠకు మేము చేతులు జోడించాం.

తమ జాతకమే అంతటిదని తమ బంధువర్గం చరిత్ర చూస్తే తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో రాన్ ఫిన్లీ అనే ఆయన 2010లో తన ఇంటి ముందరి రోడ్డు పట్టీలో కూరగాయలు వేస్తే, నగరపాలక సంస్థ ఆయనకు నోటీసు ఇచ్చింది. ఆ పట్టీల్లో తినే మొక్కలను పర్మిట్ లేకుండానే పెంచుకోవచ్చని అదే నగరం 2015లో నియమం మార్చుకుంది. ఆస్ట్రేలియాలోని బుడెరిమ్‌లో కొన్ని వీధులవారు 2009 నుంచి రోడ్డు పక్కనే పండ్లూ కూరగాయలూ పెంచుకొని పంచుకుంటుంటే, పర్మిట్లు లేవన్న కారణంతో 2017లో స్థానిక కౌన్సిల్ వారు అక్కడి పండ్లచెట్లను కొన్నింటిని పెకలించి వేశారు. ఇంగ్లండ్‌లోని టాడ్‌మోర్డెన్‌లో మాత్రం 2008లో మొదలైన ఉద్యమం సాక్షాత్తూ పోలీస్ స్టేషన్ ముందరే పంట వేసి, ఎవరైనా కోసుకోవచ్చని ప్రకటించింది. అక్కడి పోలీసులకు ఆటంకాన్ని గుర్తించే శిక్షణ సరిగా అందలేదని నా అనుమానం.

న్యాయం చెప్పాలంటే, నోటీసులో రెండు మాటలు మేము తోసిపుచ్చలేనివి. మలుపులో ఎత్తయిన మొక్కలు వేస్తే, వాటి వెనక నుంచి రోడ్డు మీదికి వచ్చే పిల్లవాడు డ్రైవరుకు కనబడడు. తమ కడుపులో నీటి పైపులూ, కరెంటు కేబుళ్లూ ఉన్నాయి కనుక కనుక్కోకుండా లోతుగా పలుగు దించడం ప్రాణాలతో చెలగాటం. అందుకని మలుపులోని మొక్కజొన్నను తమ నడిమి భాగానికి మార్చి, మలుపులో మోకాలెత్తు దాటని మిరప వేశాం. అయితే ఇదే మలుపులో ఇదివరకు ఛాతీ ఎత్తున కంకర గుట్ట ఉండేది. కంకర గుండా పిల్లలు స్పష్టంగా కనబడతారని ఇంజనీరింగు శాస్త్రంలో ఎక్కడో రాసి ఉండాలి.

తమరు గుట్టుగా దాచుకున్న సంగతి మరొకటి ఉంది. దశాబ్దాలపాటు పెట్రోలులో సీసం అనే విషపు లోహాన్ని కలిపారు. 2021లో అల్జీరియా కూడా మానుకోవడంతో రోడ్డు వాహనాలకు ఆ పెట్రోలు అమ్మే దేశమే లేకుండా పోయింది. కానీ అప్పట్లో పొగగొట్టాల నుంచి రాలిన సీసం కుళ్లదు, ఆవిరి కాదు, పైపొర మట్టిని పట్టుకొని అక్కడే ఉండిపోతుంది. రద్దీ రోడ్డుకు దగ్గరగా ఎక్కువ, దూరం జరిగేకొద్దీ తక్కువ. తమరేమో దాని గుమ్మంలోనే కాపురం పెట్టారు. టమాటా, వంకాయ వంటి కాయల్లోకి చేరేది కొద్దిగానే అయినా, ఆకుకూరల మీద అది దుమ్ముతో పాటు పేరుకుంటుంది, దుంపలకు మట్టితో పాటు అంటుకుంటుంది. అందువల్ల మేము మట్టి పరీక్ష చేయించి, అడుగున మందపాటి గుడ్డ పరచి, చెక్క చట్రాల్లో కొత్త మట్టీ కంపోస్టూ అడుగెత్తున నింపి, దుంపలను అందులోనే వేశాం. ప్రజారోగ్యం కోసం పుట్టిన కార్యాలయం ఇంత నోటీసులో సీసం ఊసెత్తక, బీన్స్ తీగ చూడ్డానికి అస్తవ్యస్తంగా ఉందని మాత్రం శ్రద్ధగా రాసింది.

ఇక మా వీధివారి గురించి చెప్పడానికి కలం తడబడుతోంది. ‘ఈ తోట అందరిదీ’ అని బోర్డు పెట్టింది మేమే. నీళ్లు పోసే వంతు వచ్చిన రోజున దాన్ని ‘మిగతా అందరిదీ’ అని చదువుకున్నవారు, కాయ కోసే రోజున ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివారు. బీన్స్‌ను గింజ కట్టకముందే, వేలెడు పొడవైనా రాకముందే గిల్లుకుపోయేవారొకరు. తమ ఇంటి ముందు కాసినది తమదే, పక్కింటి ముందు కాసినది ఉమ్మడిది అనే సిద్ధాంతి మరొకరు. తోట వల్ల వీధి విలువ పడిపోతుందని మొదట వాదించిన పెద్దమనిషి ఒకరోజు పొద్దున్నే మా తలుపు తట్టి, తాను కోసుకున్న వంకాయను రెండుగా చీల్చి లోపలి పురుగును చూపించి, మందు ఎందుకు కొట్టలేదని నిలదీసి, మంచి కాయ మార్చి ఇమ్మన్నారు. మందు కొట్టి ఉంటే ఆ సంగతి మీద మరో ఫిర్యాదు రాసి ఉండేవారు కనుక, మారుమాట్లాడకుండా మార్చి ఇచ్చాను.

నోటీసుకు జవాబుగా అనుమతి కోరుతూ దరఖాస్తు తెచ్చుకున్నాను. అందులో ‘స్థల యజమాని సంతకం’ అని ఒక గడి ఉంది. ఎవరిని అడగాలని ఆ కార్యాలయానికే వెళ్తే, నోటీసులు ఇచ్చే విభాగం యజమానే గానీ సంతకాలు పెట్టే విభాగం యజమాని కాదని సెలవిచ్చారు. కనుక తమరే దయచేసి ఒక వేలిముద్ర వేసి పంపవలసిందిగా ప్రార్థన. ఈలోగా ముల్లంగి ఊరింది. ఆటంకాలను చూసే విభాగం అధికారం నేల పైభాగానికే పరిమితమనీ, కింద ఊరిన దుంప వారి పరిధిలోకి రాదనీ మా వాదన. ఆకుల మాటేమిటని వారు అడగకముందే పీకేస్తున్నాం.

ఇట్లు,
తమ మీద నీళ్ల బకెట్టుతో నిత్యం తారసపడే ఆక్రమణదారు