'ఎవరి ఆచారం వాళ్లది' గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ 'ఎవరి ఆచారం వాళ్లది' గారికి, విజయనగరం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీకేం లోటుండదులెండి, గంటస్తంభం దగ్గర టీ కొట్టు మొదలుకొని పెళ్లి పందిరి దాకా వాదన ఎక్కడ ముదిరితే అక్కడ మీరు దిగుతారు, దిగాక ఇంకెవరూ మాట్లాడరు, టీ తాగేసి ఎవరిళ్లకు వాళ్లు పోతారు.

మీ మీద పగేం లేదు. మా ఆఫీసులో చేరిన ఉత్తరాది కుర్రాడు, ఇక్కడ మేనమామ కూతుర్ని చేసుకుంటారని విని కళ్లు తేలేశాడు, వాళ్ల వైపు ఆ పిల్ల చెల్లెలి వరస. మాకేమో మేనరికం ఉండగా బయటి సంబంధం చూస్తే మేనత్త అలుగుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఇలాంటి చోట ఆచారం ఉంటే సరేనంది. ఆరోజు మీరు లేకపోతే ఆ కుర్రాడికీ మాకూ టెన్షనే. (పుట్టబోయే పిల్లల ఆరోగ్యం సంగతి డాక్టరు గారు చెప్పాలి, అది వేరే గొడవ.)

అసలు గొడవ ఏంటంటే, మీరు ఎవరి నోట్లోంచి వస్తున్నారో ఈమధ్య గమనిస్తున్నాను. మా వీధి పెద్దాయన కొడుక్కి కట్నం మాట్లాడుతుంటే, ఇది 1961 నుంచీ నేరం కదండీ అన్నాను. "మా వాళ్లలో ఆనవాయితీ బాబూ, ఎవరి ఆచారం వాళ్లది" అన్నారు. ఎదురుగా పొలం కాగితాలు పట్టుకుని కూర్చున్న పిల్ల తండ్రిదీ అదే కులం, అదే ఆనవాయితీ. ఆయన మాత్రం మీ పేరెత్తలేదు.

కొత్త సంగతేం కాదిది. 1892లో ఈ ఊళ్లోనే 'కన్యాశుల్కం' ఆడారు. ఇక్కడి మహారాజు ఆనంద గజపతి రాజు గారు అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల (పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునేవి) జాబితా రాయిస్తే 1034 తేలాయని, అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురూ ఉన్నారని, ఆ పసికూనల ధర 350 నుంచి 400 రూపాయలని గురజాడ ముందుమాటలో రాశారు. శుల్కం పుచ్చుకున్న ఆ తండ్రులంతా మిమ్మల్నే తలుచుకుని ఉంటారు. తప్పన్నవాళ్లు లండన్ నుంచి ఓడ దిగలేదు, ఇక్కడివాళ్లే, గురజాడదీ అదే బ్రాహ్మణ కులం. మరి ఆ 'వాళ్లది' అన్నది ఎవరిదండీ, ధర పుచ్చుకున్నవాడిదా, ఇంకా మాటలు రాని పిల్లదా?

అమెరికాలోనూ మీకు పెద్ద మర్యాదే జరిగింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన తయారవుతుంటే, 1947లో అక్కడి మానవశాస్త్రజ్ఞుల సంఘం, ఒక సంస్కృతి విలువలు అందరి మీదా రుద్దకూడదని రాసి పంపింది. వలస పాలన చూసిన మనకు ఆ భయం అర్థమవుతుంది. అదే సంఘం 1999లో మానవ హక్కుల పక్షాన ఇంకో ప్రకటన చేసింది. వాళ్లకు 52 ఏళ్లు పట్టింది, మా వీధి పెద్దాయనకు మొన్న ఒక్క సాయంత్రం చాలింది. కూతురు వేరే కులం అబ్బాయిని ఇష్టపడ్డానని చెప్పి, "వాళ్లింట్లో కట్నం ఆచారం లేదు నాన్నా" అని కూడా కలిపింది. ఆయన అరుపు చివరి ఇంటిదాకా వినిపించింది: "తప్పు ఎక్కడైనా తప్పే!"

ఆ పూట తమరు సెలవులో ఉన్నారా?

ఇట్లు,
మీ మాట రోజూ వినే విజయనగరం వాసి