రాసినవారి పేరు ఎక్కడ?

1951 నాటి 'మల్లీశ్వరి'లో భానుమతి పాడిన 'మనసున మల్లెల మాలలూగెనే' పాటను నిన్న రాత్రి ఫోనులో ఒక పాటల యాప్‌లో వింటూ, తెర మీద కనిపించిన వివరాలు చూసి నా మనసు చివుక్కుమంది. గాయని పేరుంది, సంగీతం కూర్చిన సాలూరి రాజేశ్వరరావు పేరుంది, సినిమా బొమ్మ కూడా ఉంది; పాట రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఎన్నాళ్ళో ఎదురుచూసిన మనిషి దగ్గరైన రాత్రి ఒక స్త్రీ గుండెలో పొంగే హాయిని అంత తక్కువ మాటల్లో, అంత మెత్తగా పలికించిన కవికి ఒక్క వరుస చోటు దొరకలేదా?

వివిధభారతి రేడియోలో ప్రతి పాటకూ ముందు చిత్రం, రచన, సంగీతం, గానం అని వరుసగా చెప్పేవారు. 'మాయాబజార్' పాటల వెనుక పింగళి నాగేంద్రరావు ఉన్నారని చిన్నప్పుడు నాకు తెలిసింది ఆ ప్రకటనల వల్లనే, బడిలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా అమ్మాయి ఈ 'మల్లీశ్వరి' పాట విని "ఇది ఎవరు రాశారు నాన్నా?" అని అడిగితే, చేతిలోని ఫోను జవాబు చెప్పలేకపోతోంది. కవి పేరు చేర్చమని ఆ యాప్ సంస్థకు రెండుసార్లు రాశాను, ఇంతవరకూ మార్చలేదు.